పొలిమేర రాయి దగ్గర తెరిచిన పంజరం

అనగనగా ఒక రాజుగారు. రాజుగారంటే రాజ్యం ఉండాలి గదా, ఆ రాజ్యం పేరు నెమలికోన. ఒక పక్క వరిచేలు, ఇంకో పక్క ఊళ్ళు, మూడో పక్కంతా అడవి. ఆ అడవి ఎంత దట్టమైనదంటే, మధ్యాహ్నం లోపలికి వెళ్ళిన ఎండ కూడా దారి తప్పి, పొద్దువాలే వేళకి గానీ నేల మీదికి దిగేది కాదు. ఆ అడవి కడుపులో వెదురేరు అనే ఏరు పుట్టి, గుట్టల చుట్టూ తిరిగి తిరిగి, చేలకు నీళ్ళిచ్చి, ఊళ్ళకు నీళ్ళిచ్చి, మిగిలినవి పట్టుకుని సముద్రానికి పోయేది.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉదయభానుడు, ఏది అడిగినా ముందు "ఔను" అనేవాడు. నడిపివాడు విజయభానుడు, అన్న ఏమంటే అదే అనేవాడు. చిన్నవాడు చిత్రభానుడు. ఇతనికి ఏదీ ఒక పట్టాన తేలేది కాదు. "పప్పు వడ్డించనా బాబూ, పులుసు వడ్డించనా?" అని వంటాయన అడిగితే, ఇతను ఆలోచించేలోపు అన్నం చల్లారిపోయేది. పాపం, తెలివి లేక కాదు. పప్పు వైపు నుంచి చూస్తే పప్పే న్యాయంగా కనిపించేది, పులుసు వైపు నుంచి చూస్తే పులుసే న్యాయంగా కనిపించేది. ఏం చేస్తాడు మరి!

నెమలికోనలో ఒక ఆచారం ఉండేది. పొలిమేరలో ఒక పెద్ద రాయి, దాని మీద పసుపూ కుంకుమా. ఆమే పొలిమేరమ్మ. బయటి నుంచి ఎవరు వచ్చినా, రాజైనా సరే, కూలివాడైనా సరే, ఆ రాయి ముందు ఆగి తెచ్చినదంతా విప్పి చూపించాలి. మూటయితే ముడి విప్పాలి, పెట్టె అయితే మూత తీయాలి. కాపురానికి వచ్చే కొత్తకోడలు కూడా కావిడిపెట్టె తెరిచి, "ఇదిగో తల్లీ, నేను తెచ్చింది" అని చూపించాకే లోపలికి అడుగుపెట్టేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలవాటు కాబట్టి, ఆ రాయి కనిపిస్తే చాలు, నెమలికోన వాళ్ళ చేతులు వాటంతట అవే ముడుల మీదికి పోయేవి.

ఒకనాడు ఆ రాయి దగ్గరికి ఒక మాంత్రికుడు వచ్చాడు. పేరు హేమజాలుడు. అతను కూడా మూట విప్పి చూపించాడు. అందులో ఒక్కటే ఒక్క అద్దం. కావలివాళ్ళు అందులోకి తొంగిచూసి, నోళ్ళు తెరిచి, అతన్ని పల్లకీ ఎక్కించి మరీ రాజుగారి దగ్గరికి తీసుకుపోయారు.

"చూడండి మహారాజా," అన్నాడు హేమజాలుడు.

రాజుగారు అద్దంలోకి చూశారు. బంగారు నగరం! బారుగా బాటలు, బాటలకు అటూ ఇటూ మేడలు, మేడల మీద ఆరని దీపాలు.

"ఎక్కడ కడతావయ్యా ఇదంతా?" అన్నారు.

"అడవి ఉన్న చోట. అడవి కొట్టేయించండి, ఏటికి అడ్డుకట్ట వేయించండి. తక్కినది నా మంత్రం చూసుకుంటుంది."

"మరి నీకేం ఇవ్వాలి?"

"ఏమీ వద్దు. నగరాలు కట్టడం నాకు సరదా. ఒకటి కట్టాక ఇంకొకటి కట్టకుండా ఉండలేను, అంతే."

రాజుగారు కొడుకుల వైపు తిరిగారు. పెద్దవాడు "ఔను నాన్నగారూ" అన్నాడు. నడిపివాడు "అన్నగారు చెప్పినట్టే" అన్నాడు. చిన్నవాడు తల గోక్కున్నాడు.

"నాకు తేలడం లేదు నాన్నగారూ. కాస్త ఆగితే అడవిని కూడా అడిగి వస్తాను."

సభంతా గొల్లున నవ్వింది. "అడవిని అడుగుతాడట! చెట్టు తల ఊపితే ఔననుకోవాలా, కాదనుకోవాలా చిన్న దొరా?" అని మంత్రిగారు కూడా వేళాకోళం చేశారు. చిత్రభానుడు అది కూడా ఆలోచించాడు. నిజమే, ఎలా అనుకోవాలి?

రాజుగారికి చిన్నకొడుకంటే ఎంత విసుగో అంత ముద్దు. "సరే, ఏటి కట్ట పని ఆగదు గానీ, మోదుగలు పూసేదాకా అడవి జోలికి పోం. ఈలోపు పోయి అడిగి రా. మోదుగలు ఎర్రబడ్డాయా, గొడ్డళ్ళు లేస్తాయి," అన్నారు.

చిత్రభానుడు తిన్నగా అడవిలోని తేనెగూడేనికి వెళ్ళాడు. అక్కడ ఈరమ్మ ఉంది. తల్లి లేని చిత్రభానుణ్ణి పాలిచ్చి పెంచింది ఆమే. గూడెం వాళ్ళందరూ పట్టు తేనె తీసుకుని బతికేవాళ్ళు.

"అమ్మా, అడవి కొట్టేసి నగరం కడతారట. పెద్ద బాట వేస్తారట," అన్నాడు.

"బాటయితే మంచిదే నాయనా," అంది ఈరమ్మ. "మొన్న మా సోమిలికి నొప్పులొస్తే డోలీ కట్టి మోశాం. గుట్ట దిగేసరికి బిడ్డ దక్కలేదు. బాట ఉంటే దక్కునేమో."

"అయితే కొట్టేయమనేనా?"

"అదేం మాట! అడవి పోతే ఆ బాట మీద నడవడానికి మేమెక్కడుంటాం? ఏరు పోతే నువ్వు మాత్రం ఎక్కడుంటావు?"

"అంటే బాట వద్దా?"

"వద్దని ఎవరన్నారు?"

చిత్రభానుడికి ఉన్న మతి కూడా పోయింది. ఈరమ్మ నవ్వి, అతని తల నిమిరి, "నువ్వు నా పాలు తాగినవాడివి. ఈ గూడేన్ని కాపాడతావో, మమ్మల్ని మూటాముల్లే సర్దుకోమంటావో, నీదే భారం," అంది. నవ్వుతూనే అంది గానీ, గుడిసె మూలన అప్పటికే సగం సర్దిన మూట ఒకటి ఉంది. ఆ మూట బరువు అతని గుండెల్లోకి దిగింది. తక్కిన ఏ సంగతీ తేలలేదు గానీ, ఈ అమ్మ ఇల్లు పోకూడదన్న ఒక్కటి మాత్రం తేలింది.

అక్కడి నుంచి లోపలికి పోతే ఒక ఎలుగుబంటి పుట్ట తవ్వుకుంటోంది.

"ఎలుగుమామా, మాంత్రికుణ్ణి ఆపే దారి ఏదైనా ఉందా?"

ఎలుగుబంటి ముక్కుకి అంటిన మట్టి తుడుచుకుంది. "ముందు నేను అడిగినదానికి చెప్పు. నువ్వు మనుషుల వైపా, మా వైపా?"

చిత్రభానుడు చాలాసేపు ఆలోచించాడు. "నేను మనిషిని గదా, మనుషుల వైపే ఉండాలి. కానీ నీతో మాట్లాడుతుంటే నీ వైపు ఉన్నట్టే ఉంది. తెలియడం లేదు మామా."

"ఆహా! వచ్చినవాడల్లా 'మీ వైపే' అని చెప్పి తేనె పట్టుకుపోతాడు. ఆలోచించినవాడివి నువ్వే. అందుకని చెబుతున్నా విను. నేను ఆ మాంత్రికుణ్ణి పొద కింద నుంచి వాసన చూశాను. అతని దగ్గర అత్తరు వాసన ఉంది, బంగారం వాసన ఉంది, ప్రాణం వాసన లేదు. ఎక్కడో దాచిపెట్టి వచ్చాడు. ఎక్కడో నాకు తెలియదు. ఏటి ఒడ్డున నీటికుక్క ఉంటుంది, అడుగు."

వెదురేటి ఒడ్డున నీటికుక్క వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చేప పెట్టుకుని తింటోంది.

"నీటికుక్కా, మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంది?"

"ముందు నేను అడిగినదానికి చెప్పు. ఈ ఏరు ఎవరిది?"

"రాజుగారిది అంటారు. కానీ రాజుగారు పుట్టకముందు నుంచి ఉంది. చేలవాళ్ళది అందామంటే నువ్వున్నావు. నీది అందామంటే ఆ చేప ఉంది..."

"చాల్లే చాల్లే, చేపని మధ్యలోకి తేకు, నాకు తిండి సయించదు," అంది నీటికుక్క. "ఏడో సముద్రంలో నీళ్ళు చాలక పారిపోయి వచ్చిన ఒక ముసలి చేప ఈ ఏట్లో ఉంది. అదేం చెప్పిందంటే, ఆ ఏడో సముద్రం నడిమధ్య బోడిదీవి ఉందట. అక్కడ పంజరంలో ఒక చిలక. దాని ఈక కదిలితే ఈ హేమజాలుడు ఎక్కడున్నా ఉలిక్కిపడతాడట. అంత దూరం ఈదడం నా వల్ల కాదు, నీ వల్లా కాదు. కొండ మీద గండభేరుండం ఉంది, దాన్ని పట్టుకో."

గండభేరుండానికి ఒళ్ళు ఒకటే, తలలు మాత్రం రెండు. చిత్రభానుడు కొండ ఎక్కేసరికి ఆ రెండు తలలూ తోడికోడళ్ళలా పోట్లాడుకుంటున్నాయి.

"బోడిదీవి తూర్పున ఉంది," అంది ఎడమ తల.

"నీ మొహం, పడమర ఉంది," అంది కుడి తల.

"బాబూ, మాలో ఎవరిది నిజమో నువ్వు చెప్పు!" అన్నాయి రెండూ ఒక్కసారే.

చిత్రభానుడు ఎడమ తల వైపు చూశాడు. దాని కళ్ళలో ధీమా చూస్తే తూర్పే అనిపించింది. కుడి తల వైపు చూశాడు. పడమరే అనిపించింది. "మీ ఇద్దరిదీ నిజంలాగే ఉందమ్మా," అన్నాడు దిగులుగా.

రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఇన్నేళ్ళలో ఇద్దరిదీ నిజమని అన్నవాడు ఒక్కడూ లేడు. ఆ సంతోషంలో అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఎగిరింది గండభేరుండం. కాసేపు తూర్పుకి పోయింది, కాసేపు పడమరకి పోయింది, మధ్యలో ఒకసారి వెనక్కి కూడా పోయింది. ఉప్పు సముద్రం దాటింది, చెరకు సముద్రం దాటింది, కల్లు సముద్రం దాటేటప్పుడు రెండు తలలూ కాస్త పాటలు పాడాయి. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం కూడా దాటాయి. ఏడోది మంచినీళ్ళ సముద్రం.

అక్కడ నీళ్ళు లేవు. కనుచూపు మేర నెర్రెలు విచ్చిన మట్టి. ఆ మట్టిలో పడవలు పక్కకి ఒరిగి ఉన్నాయి.

"ఇదేమిటి, సముద్రం ఎండిపోతుందా?" అన్నాడు చిత్రభానుడు.

తూర్పూ పడమరా తెలిసిన ఆ రెండు తలలకీ ఈ సంగతి తెలియలేదు.

ఆ మట్టి మధ్యలో బోడిదీవి. దీవి నిండా బంగారు నగరం, అచ్చం అద్దంలో చూసినట్టే. బారు బాటలు, మేడలు, దీపాలు. మనిషి మాత్రం లేడు. చెట్టు లేదు, ఆకు లేదు, కాకి అరుపైనా లేదు. చిత్రభానుడు వీధి వీధీ తిరిగాడు. ఏ వీధి చూసినా ఇందాక చూసిన వీధిలాగే ఉంది. దారి తప్పి తప్పి, చివరికి ఒక మేడ ముందు తేలాడు. అక్కడ ఒక అమ్మాయి నిచ్చెన వేసుకుని, బంగారు గోపురానికి పట్టిన మంచును పాతగుడ్డతో తుడిచి, చెంబులోకి పిండుతోంది. పక్కన పంజరం. పంజరంలో చిలక.

"నరకండి! కట్టండి!" అని అరిచింది చిలక. "నరకండి! కట్టండి!"

"దానికి ఆ రెండు మాటలే వచ్చు," అంది అమ్మాయి, నిచ్చెన దిగకుండానే. "మా నాన్న నేర్పినవి. నా పేరు కనకవల్లి. నువ్వు చిలకను చంపడానికి వచ్చావు గదూ?"

"ఔను," అన్నాడు చిత్రభానుడు. ఆ వెంటనే, "మీ నాన్నా? అంటే హేమజాలుడు..." అని ఆగిపోయాడు.

"ఆయనే. ఈ దీవిలో ఇంతకుముందు అడవి ఉండేదట. నరికాడు, కట్టాడు. ఏళ్ళు తిరక్కుండా నీళ్ళు పోయాయి. నీళ్ళతో పాటు జనం పోయారు. ఆయన ఇంకో నగరం కడతానని పోయాడు. ప్రాణానికి కావలి ఉండమని నన్ను ఇక్కడ పెట్టాడు."

చిత్రభానుడు కత్తి దూశాడు. చిలకను చూశాడు. చిలక మెడ పక్కకి వంచి అతన్ని చూసింది. చంపితే ఈరమ్మ ఇల్లు నిలబడుతుంది, కానీ ఈ అమ్మాయికి తండ్రి పోతాడు. చంపకపోతే ఈ అమ్మాయికి తండ్రి ఉంటాడు, కానీ తన రాజ్యం కూడా ఇలా మంచు పిండుకుని తాగాలి. అయినా ఈ చిలక ఏం పాపం చేసింది? కత్తి అలాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుట్టింది.

"ఇంతసేపు ఆలోచించేవాడు ఈగను కూడా చంపలేడు," అంది కనకవల్లి. "కత్తి దించి, ఈ చెంబులో నీళ్ళు తాగు."

తాగాడు. రెండు గుక్కలు కూడా లేవు. ఆమె పొద్దుటి నుంచి పిండిన నీళ్ళవి.

"ఇలా చేద్దాం," అందామె. "చిలకను తీసుకుని నేనూ వస్తాను. పంజరం మా నాన్నకి చూపించి, అడవి వదులుతావా, చిలకను వదులుకుంటావా అని అడుగుదాం. ఆయన దారికి వస్తాడు. కానీ దీని ఈక కూడా ఊడకూడదు. మాటివ్వు."

ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు చిత్రభానుడు. జీవితంలో మొదటిసారి అతనికి ఒక దారి తిన్నగా కనిపించింది. దారి పొడుగునా పంజరాన్ని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

గండభేరుండం నెమలికోన పొలిమేరలో దిగింది. అప్పటికే అడవి అంచున మోదుగలు నిప్పులు పోసినట్టు పూసి ఉన్నాయి. దూరాన గొడ్డళ్ళు నూరుతున్న చప్పుడు. "పద పద!" అంది కనకవల్లి.

ఎదురుగా పొలిమేర రాయి. చిత్రభానుడు ఆగాడు. చెప్పులు విడిచాడు. పంజరాన్ని రాయి ముందు పెట్టాడు. "ఇదిగో తల్లీ, నేను తెచ్చింది," అని తలుపు తెరిచాడు.

చిలక ముందు తల బయటపెట్టింది. తరవాత ఒళ్ళు బయటపెట్టింది. ఆ తరవాత అడవిలోకి ఎగిరిపోయింది.

కనకవల్లి చిలక పోయిన వైపు నాలుగడుగులు పరుగెత్తి, వెనక్కి తిరిగింది. "ఏం పని చేశావయ్యా మహానుభావా!"

"రాయి... ఆచారం... విప్పి చూపించాలి గదా..." అన్నాడు చిత్రభానుడు, ఖాళీ పంజరంలోకి చూస్తూ.

"బయట నుంచి చూపిస్తే కనబడదా మీ అమ్మకి? పంజరానికి ఊచలేగా ఉన్నాయి, గోడలు లేవుగా!"

అది అతనికి తట్టనే లేదు. నెమలికోనలో ఎవరికీ తట్టేది కాదు. ఏడు సముద్రాలు దాటి తెచ్చిన ఒక్కగానొక్క దారి, ఇంటి గడప దగ్గర చేజారిపోయింది. ఈరమ్మకి ఏ మొహం చూపించాలి? అతను అక్కడే కూలబడబోయాడు. కనకవల్లి చెయ్యి పట్టుకుని లేపింది. "కూర్చుంటే చిలక వస్తుందా? ముందు గొడ్డళ్ళ దగ్గరికి పోదాం. ఏం చెప్పాలో నడుస్తూ ఆలోచిద్దాం."

ఎంత నడిచినా ఏమీ తోచలేదు.

అడవి అంచున రాజుగారున్నారు, అన్నలిద్దరూ ఉన్నారు, గొడ్డళ్ళవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఈరమ్మ, గూడెం జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఒక పక్కగా నిలబడ్డారు. వాళ్ళందరి మధ్యా హేమజాలుడు గుండె పట్టుకుని, మొహం పాలిపోయి నిలబడి ఉన్నాడు. ఖాళీ పంజరం చూడగానే ముందుకు దూకాడు.

"నా చిలక! నా చిలక ఏదిరా?"

"ఎగిరిపోయింది," అన్నాడు చిత్రభానుడు. అబద్ధం ఆడాలని కూడా తోచలేదు పాపం.

"ఎటు?"

"అడవిలోకి."

"అడవిలో ఎక్కడ? ఏ చెట్టు మీద?"

"నేనేం చూడలేదండీ. ఆకుపచ్చ చిలక, ఆకుపచ్చ చెట్లు... కలిసిపోయింది."

ఇదేమీ పట్టని ఉదయభానుడు, ముందు అనుకున్న ప్రకారం చెయ్యెత్తి, "మోదుగలు పూశాయి! నరకండి!" అన్నాడు. ముందు వరసలోని గొడ్డలి మద్దిచెట్టు మీదికి లేచింది.

"ఆగండీ!" అని కేకపెట్టాడు హేమజాలుడు. ఆ కేకకి గొడ్డలి పట్టినవాడు గొడ్డలి వదిలేసి తనే వెనక్కి పడ్డాడు.

"ఏమయింది?" అన్నాడు ఉదయభానుడు.

"ఆ చెట్టుకి తొర్ర ఉంది. తొర్రలో ఉందేమో!"

"సరే, పక్క చెట్టు నరకండి."

"ఆగండాగండి! ఆ కొమ్మ మీద ఏదో కదిలింది!"

"అది ఆకు మాంత్రికా."

"ఆకని నీకెలా తెలుసు?"

ఉదయభానుడికి తెలియదు. మూడో చెట్టు దగ్గరికి పోయారు. దానికి తొర్ర లేదు, దాని మీద పిట్ట లేదు. "ఇది నరకొచ్చా?" అన్నాడు. హేమజాలుడు దాని చుట్టూ తిరిగాడు, ఆకుల్లోకి చూశాడు, చెమట తుడుచుకున్నాడు. "ఇది పడేటప్పుడు పక్క చెట్టు మీద పడితే? దాని మీద ఉంటే? వద్దు వద్దు, నా ప్రాణం పోతుంది!" అని ఆ మాను చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు.

గొడ్డళ్ళవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రాజుగారు మంత్రిగారిని చూశారు. మంత్రిగారు ఎప్పటిలాగే తనకంతా తెలిసినట్టు తలూపారు. ఆయనకీ ఏమీ తెలియదు. చిత్రభానుడికి తెలుసా అంటే, అతనికి అసలే తెలియదు. చెట్లు నరికించడానికి వచ్చినవాడు చెట్టును కౌగిలించుకుని ఏడవడం ఏమిటి?

కనకవల్లికి ముందు తెలిసింది. ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటూ దగ్గరికి వెళ్ళింది. "నాన్నా, ఇంకో మాట. ఏటికి అడ్డుకట్ట వేయించావట. చిలకకి దాహం వేస్తే ఎలా?"

హేమజాలుడు గిర్రున తిరిగాడు. "తీసేయండి! కట్ట తీసేయండి!"

"నిన్ననే పూర్తి చేశాం!" అని లబలబలాడాడు విజయభానుడు. ఈసారి అన్న ఏమంటాడా అని చూశాడు. అన్న ఏమీ అనలేదు. పాపం తనే పోయి కట్ట తెగ్గొట్టించాడు.

అప్పుడు గానీ చిత్రభానుడికి, జరిగినదంతా మెల్లగా వెనక్కి నడుచుకుంటూ చూసుకుంటే, అర్థం కాలేదు. పంజరంలో ఉన్నన్నాళ్ళూ ఆ ప్రాణం ఒక్క చోట ఉంది. ఇప్పుడు ప్రతి చెట్టులోనూ ఉన్నట్టే. అతను మూటలతో నిలబడ్డ ఈరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"దించమ్మా, మూట దించు!"

"ఏం చేశావు నాయనా?"

"ఏమో అమ్మా! పంజరం తలుపు తీశాను, అంతే!"

హేమజాలుడు ఊరికే ఊరుకున్నాడా? చిలకను పట్టుకుందామని మూడు విధాల చూశాడు. మొదట మంత్రం వేశాడు. అడవిలోని చిలకలన్నీ వచ్చి నెత్తిన వాలాయి. వందల చిలకల్లో తనది ఏదో తెలియలేదు. తరవాత వల పన్నబోయాడు. వల్లో చిక్కి చిలక కాలు విరిగితే తన కాలు విరుగుతుందని భయమేసి చుట్టేశాడు. చివరికి ఒక ఉపాయం తట్టింది. మనిషి మాట వచ్చిన చిలక అదొక్కటే గదా! పొద్దున్నే గుట్టెక్కి, "నరకండి!" అని అరిచాడు. దూరంగా ఒక చోట నుంచి "కట్టండి!" అని వినిపించింది. సంబరంగా అటు పరుగెత్తాడు. కానీ చిలకలు ఊరుకునే జాతి కాదు గదా. ఆ మాటలు వాటికి భలే నచ్చాయి. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయి. నెల తిరగకుండా అడవి అడవంతా "నరకండి! కట్టండి!" అని గోల. పైన చిలకలు నరకమని, కింద మాంత్రికుడు ఆగమని! పుల్లలు ఏరుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఎవరి మాట వినాలో తెలియక చెవులు మూసుకుని పోయేవాళ్ళు.

రాజుగారికి మాత్రం బంగారు నగరం మీద ఇంకా ఆశ చావలేదు. ఒకరోజు అద్దం ముందు పెట్టుకుని నిట్టూరుస్తుంటే కనకవల్లి వచ్చింది. "నేనున్నది ఆ ఊళ్ళోనే మహారాజా. ఆ మూడో మేడ. బాగా మెరుస్తుంది. దాహం వేస్తే మాత్రం గోడలు నాకాలి," అంది. రాజుగారు అద్దం బోర్లించి మంచినీళ్ళు అడిగారు.

అయితే ఈరమ్మ ఊరుకోలేదు. "అడవి నిలబడింది, బాగానే ఉంది. మరి మా బాట సంగతేమిటి? నొప్పులొచ్చిన పిల్ల ఈసారి కూడా గుట్ట మీదే ఏడవాలా?" అని నిలదీసింది. చిత్రభానుడు హేమజాలుణ్ణి పిలిచి అడిగాడు. మాంత్రికుడు చాలాసేపు చెట్ల మధ్య నడిచి, ఒక్క మానుకు కూడా గీత పడకుండా బండి పట్టేంత బాట వేశాడు. ఇప్పచెట్టు అడ్డొస్తే కుడికి, మద్దిచెట్టు అడ్డొస్తే ఎడమకి, ఏరు అడ్డొస్తే రాళ్ళ మీదుగా. దాని మీద వెళ్ళిన బండివాళ్ళు ముందుకు పోతున్నామా వెనక్కి వస్తున్నామా అని అడుగుకోసారి ఆగేవాళ్ళు. అయినా ఆ బాట మీదే సోమిలి రెండో బిడ్డ, కెవ్వుకెవ్వుమంటూ, తల్లి ఒడిలో ఇంటికి వచ్చింది.

ఆ ఏడే చిత్రభానుడికీ కనకవల్లికీ పెళ్ళి. నెమలికోనలో పెళ్ళంటే పచ్చికొమ్మల పందిరి వేయాలి. కొమ్మలు కొట్టడానికి మనుషులు వెళితే, పెళ్ళికూతురి తండ్రి కర్ర పట్టుకుని తరిమాడు. ఆడపెళ్ళివారు ఇలా చేస్తే పెళ్ళెలా అవుతుందని పురోహితుడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. చివరికి పెళ్ళివారే లేచి అడవిలోకి పోయి, కొట్టని కొమ్మల కిందే పీటలు వేశారు. ఎలుగుబంటి తేనె తెచ్చింది, సగం తనే తాగింది. నీటికుక్క చేప తెచ్చి, ఇవ్వాలా వద్దా అని తచ్చాడింది. గండభేరుండం ఎడమ తల పెళ్ళికొడుకు వైపు కూర్చుంటానంది, కుడి తల పెళ్ళికూతురి వైపంది. ఒళ్ళు మధ్యలో ఉండిపోయింది.

కాళ్ళు కడిగే వేళ చిత్రభానుడు మామగారిని నెమ్మదిగా అడిగాడు. "మామగారూ, ఒక మాట. ఇప్పుడు ఆ చిలక వచ్చి మీ చేతి మీద వాలిందనుకోండి. మళ్ళీ గొడ్డళ్ళు ఎత్తిస్తారా?"

హేమజాలుడు చెంబు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. పైకి చూశాడు. ఆకుల సందుల్లో చిలకలు పిల్లలకి పళ్ళు తినిపిస్తున్నాయి. చాలాసేపు చూశాడు. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని దగ్గాడు.

"అదే నాకూ అర్థం కావడం లేదు అల్లుడూ," అన్నాడు చివరికి. "మొన్నటిదాకా నా ప్రాణం కోసం వెతికేవాణ్ణి. ఈమధ్య ప్రతి గూటిలోకీ ఎందుకు తొంగిచూస్తున్నానో నాకే తెలియడం లేదు."

ఆ మాట విని చిత్రభానుడికి ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. మామగారి చేతిలోంచి చెంబు అందుకుని, ఆయనకు మంచినీళ్ళు ఇచ్చి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

తరవాత రాజుగారు రాజ్యం చిన్నవాడికి ఇస్తానంటే, పెద్దవాడు ఔనన్నాడు, నడిపివాడు అన్న చెప్పినట్టే అన్నాడు. అలా చిత్రభానుడే రాజయ్యాడు. ఏ పని చేయాలన్నా చాలాసేపు ఆలోచించేవాడు, రాణి విసుక్కునేది. కానీ అలా ఆలోచించే రాజు కింద వెదురేరు ఏ ఎండాకాలంలోనూ ఎండలేదు. ఇద్దరూ చాలా ఏళ్ళు రాజ్యం ఏలారు. కథ చెట్ల మధ్యకి వెళ్ళిపోయింది, పొద్దుపోయింది, మీరు ఇళ్ళకి వెళ్ళండి.